ఫ్రిజ్ మీద రెండు నెలలు

వినాయక చవితి ఇంకో నాలుగు రోజులుందనగా ఆ కవరు వచ్చింది. 2023 సెప్టెంబరు. అంతకు ముందు వారమే ఓ ఉత్తరం వచ్చింది, మీకు పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్ పంపుతున్నాం అంటూ. దాన్ని కరెంటు బిల్లులతో కలిపి పక్కన పడేశాను. ఇప్పుడు కిట్టే వచ్చి గుమ్మంలో పడింది. విప్పి చూస్తే వేలెడంత ప్లాస్టిక్ సీసా, మూతకి అతుక్కుని సన్నటి పుల్ల, తిరిగి పంపడానికి కవరు, బొమ్మల కాగితం. బొమ్మలు చూశాక ఇంక చదవక్కర్లేకపోయింది. ఎలా ఉన్నది అలా మడిచేశాను.

పాలవెల్లి కడిగి ఆరబెట్టిన రోజు అది. దీన్ని ఎక్కడ పెట్టాలి? వంటింట్లో వద్దు. దేవుడి గూడున్న గదిలో అసలే వద్దు. ఆఖరికి గరాజ్‌లో ఉన్న పాత ఫ్రిజ్ మీద, మూత పోయిన కుక్కర్ పక్కన పెట్టాను. రెండు నెలలు అక్కడే ఉంది.

నాకప్పుడు 54 ఏళ్లు. ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్లో ఉంటాం, వచ్చి 19 ఏళ్లు. ఓ స్కూలు ఆఫీసులో పని చేస్తాను. ఇక్కడ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు, ఫలానా వయసు వచ్చిన ప్రతివాళ్లకీ రెండేళ్లకోసారి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్ ఇంటికే పంపుతారు. డాక్టరు రాయనక్కర్లేదు, మనం అడగనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. 2006లో మొదలుపెట్టినప్పుడు 60 దాటినవాళ్లకే పంపేవాళ్లు. 2021 నుంచి ఆ వయసుని మెట్టు మెట్టుగా 50కి దించుకుంటూ వచ్చారు. 54 ఏళ్లవాళ్ల వంతు 2023లో వచ్చింది. అలా వచ్చిందన్నమాట నాకు.

నాకేమో ఏ బాధా లేదు. కడుపునొప్పి లేదు, రక్తం లేదు, బరువు తగ్గిందీ లేదు (తగ్గితే బాగుండు). ఏమీ లేనిదానికి పరీక్ష ఎందుకు అనుకున్నాను. ఏమీ లేనివాళ్ల కోసమే ఈ పరీక్ష అన్న సంగతి ఆ బొమ్మల కాగితం రెండో వైపు రాసే ఉంది. నేను రెండో వైపు తిప్పితే కదా.

మా నాన్నకి మాత్రం బాధ ఉండేది. చీరాలలో బట్టల కొట్టు మాది. పొద్దున తొమ్మిదికి గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేచేవాడు. 2007లో మొదటిసారి రక్తం పడింది. "వేడి చేసిందిలే" అన్నాం ఇంటిల్లిపాదీ, ఫోన్లో నాతో సహా. మజ్జిగ తాగించారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. మా వీధి ఆర్‌ఎంపీ మొలలన్నాడు, బిళ్లలిచ్చాడు, పైపూత ఇచ్చాడు. తగ్గింది. ఆ తగ్గడమే మా కొంప ముంచింది. పేగులో కంతి ఉన్నా రోజూ రక్తం కారదు, ఆగి ఆగి కారుతుంది. ఆగినప్పుడల్లా మందు పనిచేసిందనుకున్నాం. రెండేళ్లు అలా గడిచాయి. 2009 సంక్రాంతికి కడుపు ఉబ్బిపోయి, గాలి కూడా కదలని స్థితిలో గుంటూరు తీసుకెళ్తే పేగు మూసుకుపోయిందన్నారు. ఆపరేషన్ చేసి పొట్ట పక్కన సంచి పెట్టారు. అప్పటికే కాలేయానికి పాకింది. పద్నాలుగు నెలలు బతికాడు. పోయేనాటికి 67 ఏళ్లు. మా అమ్మ ఇప్పటికీ ఆ జబ్బు పేరు పలకదు. మరీ చెప్పాల్సి వస్తే "రాచపుండు" అంటుంది, అదీ గొంతు తగ్గించి.

ఇంత తెలిసి కూడా ఆ కిట్‌ని రెండు నెలలు ఫ్రిజ్ మీద ఎందుకు పెట్టానో ఇవాళ అడిగితే సరైన జవాబు లేదు నా దగ్గర. భయం కాదు. అసహ్యం. దొడ్డికి వెళ్లిన సంగతి ఇంట్లోనే ఎవరితో అనం, దాన్ని పుల్లతో తీసి సీసాలో పెట్టి పోస్టులో పంపడమా? అక్టోబరులో గుర్తు చేస్తూ మరో ఉత్తరం వచ్చింది. అదీ కరెంటు బిల్లుల్లోకే వెళ్లింది.

దీపావళి నాడు, నవంబరు 12, అమ్మ ఫోన్ చేసింది. పిండివంటలు, పక్కింటివాళ్ల గొడవ, అన్నీ అయ్యాక మాటల్లో మాటగా అంది: "తమ్ముడికి నెల రోజుల్నించీ మొలలే. మీ నాన్న పోలికే వాడిది. వేడి ఒళ్లు."

"రక్తం పడుతోందా?"

"ఏదో అప్పుడప్పుడూ. మందు వాడుతున్నాడులే."

"డాక్టరు వేలు పెట్టి చూశాడా అమ్మా?"

"ఛీ, పండగపూట ఏం మాటలే అవి!"

ఫోన్ పెట్టేసి తమ్ముడికి చేశాను. వాడికి 51. నవ్వాడు. "నువ్వు మరీనే అక్కా" అన్నాడు. నాన్న పేరెత్తాను. అప్పుడు నవ్వలేదు. ఈ వారంలో గుంటూరు వెళ్లి పేగుల డాక్టరుకి చూపించుకుంటానని ఒట్టు పెట్టించుకున్నాను. ఒట్టు పెట్టించుకున్నాక నా సంగతి గుర్తొచ్చింది. గరాజ్‌లోకి వెళ్లి కుక్కర్ పక్కన దుమ్ము పట్టిన కవరు తెచ్చుకున్నాను.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. తమ్ముడికీ ఇదే కిట్ కొని ఇస్తే సరిపోతుందిగా అని నాకూ అనిపించింది. అది తప్పు. కంటికి రక్తం కనపడుతున్నవాడు ఇంట్లో కూర్చుని ఈ పరీక్ష చేసుకుని, ఏమీ లేదని వస్తే ఊపిరి పీల్చుకుని ఊరుకోకూడదు. నేరుగా డాక్టరు చూడాలి. ఈ కిట్ కంటికి కనపడని రక్తం కోసం.

మర్నాడు పొద్దున మొదలుపెట్టాను. మలం నీళ్లలో పడకముందే పట్టాలి, నీళ్లు తగిలితే పనికిరాదు. ఏదైనా ఖాళీ డబ్బా వాడొచ్చని రాశారు. మన ఇళ్లలో ఐస్‌క్రీమ్ డబ్బాలకి కరువా? అయితే డీప్ ఫ్రీజర్లో ఉన్నవి ఒక దాంట్లో గోంగూర, ఒక దాంట్లో ఇడ్లీపిండి, ఒక దాంట్లో రెండేళ్ల నాటి చింతపండు గుజ్జు. ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ తప్ప ఏదైనా ఉంటుంది మా ఇంట్లో.

"ఏవండీ, ఖాళీ డబ్బా ఒకటి ఉండాలి, పారేశారా?"

"ఎందుకు?"

"మీకెందుకు."

సింకు కింద దొరికింది. మిగతాది నేను భయపడినంత లేదు. పుల్ల చివర సన్నటి గాట్లుంటాయి. ఆ గాట్లు నిండేలా మలం మీద గీరాలి, అంతే. ఎక్కువ పెడితే ఎక్కువ తెలుస్తుందని కూరినా పాడే. కావలసింది పది మిల్లీగ్రాములంత, ఆవగింజ పాటి కూడా కాదు. పుల్లని సీసాలో పెట్టి మూత టక్కుమనేదాకా నొక్కితే లోపలున్న ద్రవంలో కలుస్తుంది. పైన తేదీ రాయాలి. ఆ తేదీ రాయక మళ్లీ కిట్ తెప్పించుకోవాల్సి వచ్చినవాళ్లున్నారు, మా ఆఫీసులోనే ఒకావిడ. మొత్తం రెండు నిమిషాల పని. తర్వాత చేతులు మూడుసార్లు కడుక్కుని, తలస్నానం కూడా చేశాను. ఎందుకో అడక్కండి.

ఎర్ర పోస్టు డబ్బాలో కవరు వేసేటప్పుడు అటూ ఇటూ చూశాను, దొంగతనం చేస్తున్నట్టు. అది గిల్డ్‌ఫోర్డ్‌లో ఉన్న ల్యాబుకి వెళ్తుంది. దక్షిణ ఇంగ్లండ్ కిట్లన్నీ అక్కడికే.

వేసి వచ్చాక గుర్తొచ్చింది, శనివారం స్నేహితులింట్లో వేటమాంసం తిన్నాను. మాంసంలోనూ రక్తం ఉంటుంది కదా, అదే దొరికితే? రాత్రంతా ఇదే గుబులు. తర్వాత నర్సుని అడిగితే ఓపిగ్గా చెప్పింది. వెనకటి పరీక్షలో అయితే నా గుబులు సబబే. అందులో గుయాయక్ అనే చెట్టు బంక పూసిన అట్ట మీద మలం రాసి, ఓ ద్రావణం చుక్క వేసేవాళ్లు. రక్తం ఉంటే నీలం రంగు వచ్చేది. కానీ ఆ బంకకి మనిషి రక్తమా మేక రక్తమా తెలియదు, ముల్లంగి లాంటి కూరలకి కూడా మోసపోయేది. పైగా మూడు వేర్వేరు రోజులు రెండేసి చోట్ల తీసి రాయాలి. 2019లో ఇంగ్లండ్ దాన్ని వదిలేసి ఇప్పటి కిట్‌కి మారింది. దీన్ని ఫిట్ అంటారు. సీసాలోని మలాన్ని యాంటీబాడీలతో పరీక్షిస్తారు, అవి మనిషి హిమోగ్లోబిన్‌ని మాత్రమే పట్టుకుంటాయి. మేక ఊసు వాటికి అక్కర్లేదు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. కడుపులో పుండు పడి రక్తం కారితే, ఆ హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్ దారిలోనే చాలావరకు అరిగిపోతుంది. కాబట్టి ఈ పరీక్షకి దొరికే రక్తం ముఖ్యంగా పెద్దపేగుదే. జపాన్ వాళ్లు 1992 నుంచీ ఊళ్లకి ఊళ్లు ఇదే పద్ధతిలో పరీక్షిస్తున్నారట. మనం అసహ్యించుకునే పని మీద ఒక దేశం ముప్ఫై ఏళ్లుగా నడుస్తోంది.

పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. బూట్లు విప్పకుండానే చింపాను. "మరికొన్ని పరీక్షలు అవసరం" అని ఉంది. కింద, ఇది క్యాన్సర్ అని అర్థం కాదు అని కూడా ఉంది. ఆ వాక్యం నా కంటికి ఆనలేదు. రెండోసారి చదివినప్పుడు ఆనింది, నమ్మకం కుదరలేదు. నంబరు మాత్రం ఎక్కడా లేదు. మనవాళ్లకి రిపోర్టంటే నంబరు. షుగర్ ఎంత, బీపీ ఎంత, క్రియాటినిన్ ఎంత. ఇందులో అవును, కాదు, రెండే.

రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకి చూపించాను. ఆయన చదివి, లేచి వెళ్లి టీ పెట్టారు. 28 ఏళ్ల కాపురంలో ఆయన అడక్కుండా టీ పెట్టడం అదే మొదలు. అప్పుడు నిజంగా భయమేసింది.

వారం తర్వాత స్క్రీనింగ్ నర్సుతో అపాయింట్‌మెంట్. ఫోన్లోనే. నేను కాగితం మీద ప్రశ్నలు రాసుకుని కూర్చున్నాను, మొదటిది నంబరు ఎంత అని. గీత 120, మీది దానికి పైన ఉంది అని చెప్పి ఊరుకుంది. గ్రాము మలంలో 120 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ అని. ఆ గీత ప్రకృతి గీసింది కాదని తర్వాత తెలిసింది. అప్పటికి ఇంగ్లండ్‌లో 120, పైనున్న స్కాట్లండ్‌లో అదే పరీక్షకి 80. కడుపులో ఏదో బాధ అని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకి ఇదే పరీక్ష చేస్తే, పదికే కొలనోస్కోపీకి పంపుతారు, అంటే మలద్వారం నుంచి కెమెరా ఉన్న గొట్టం పేగులోకి వేసి చూసే పరీక్షకి. గీత కిందికి జరిపితే ఎక్కువ జబ్బులు దొరుకుతాయి, కానీ గొట్టం వేసి చూడాల్సినవాళ్లూ పెరుగుతారు, దానికి డాక్టర్లు చాలాలి. అంటే నాకు ఉత్తరం రావడానికి నా పేగు ఎంత కారణమో, దేశంలో ఎంతమంది డాక్టర్లున్నారన్నదీ కొంత కారణమే. ఇది తెలిశాక నంబరు మీద మోజు పోయింది.

ఇంకో మాట చెప్పింది నర్సు: కిట్ పంపినవాళ్లలో వందకి ఇద్దరికే ఇలాంటి ఉత్తరం వస్తుంది. ఆ ఇద్దరిలోనూ ఎక్కువమందికి దొరికేవి మొలలో, పాలిప్‌లో (పేగు లోపొర మీద మొలిచే చిన్న కంతులు), లేదా ఏమీ లేకపోవడమో. నాన్న సంగతి చెప్పాను. ఆయనకి అరవై దాటాక వచ్చింది, ఒక్కరికే వచ్చింది కాబట్టి లెక్క పెద్దగా మారదంది. నాకు మారింది.

గొట్టం వేసే రోజుకి ముందు రెండు రోజుల పథ్యం గురించి చెప్పకపోతే ఈ అనుభవం సగమే. పేగు శుభ్రంగా ఉండాలి కాబట్టి పీచున్నవేవీ తినకూడదు. తెల్లన్నం తినొచ్చు, మైదా బ్రెడ్డు తినొచ్చు, కోడిగుడ్డు, కోడిమాంసం తినొచ్చు. పప్పు వద్దు. ఆకుకూర వద్దు. గింజలున్నదేదీ వద్దు. అంటే టమాటా వద్దు, వంకాయ వద్దు, ఆవకాయ వద్దు, ఆ మాటకొస్తే తాలింపే వద్దు, ఆవాలూ జీలకర్రా గింజలే కదా. ఇంగ్లిషువాళ్లకి ఇది రోజూ తినే తిండే, వాళ్లకి పథ్యంలా అనిపించదేమో. నాకు తాలింపు లేని పెరుగన్నం, ఉప్పు వేసిన ఉడికించిన బంగాళాదుంప. రెండో రాత్రికి ఇంట్లో ఇంగువ వాసన వస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత పొడి. నీళ్లలో కలిపి ముందురోజు సాయంత్రం అరలీటరు, మర్నాడు తెల్లవారుజామున మరో అరలీటరు తాగాలి, వెనకే మామూలు నీళ్లు. మొదటి పొట్లం మీద మామిడి రుచి అని రాసి ఉంది. ఎండాకాలం సెలవులంతా తాతయ్య తోటలో చెట్టెక్కి కోసుకు తిన్నదాన్ని నేను. దీన్ని తయారుచేసినవాళ్లు జన్మలో మామిడిపండు చూసి ఉండరు. సముద్రపు నీళ్లలో పంచదార వేసి, పక్కన ఎవరో మామిడిపండు అని పలికితే ఎలా ఉంటుందో అలా ఉంది. ముక్కు మూసుకుని, గ్లాసు చల్లగా చేసుకుని, స్ట్రాతో నాలుక వెనక్కి పోనిస్తే తాగగలిగాను. గంటకి మొదలైంది. ఆ రాత్రి గురించి వర్ణించను. మెత్తటి టిష్యూ, కాస్త వాజిలైన్, ఫోన్ చార్జర్, ఈ మూడూ బాత్రూంలో ముందే పెట్టుకోండి. బిడే లేని దేశంలో మా ఆయన పెట్టించిన చేతి పైపుకి ఆ రోజు దణ్ణం పెట్టుకున్నాను.

డిసెంబరు 14. ఆస్పత్రిలో వెనక చీలిక ఉన్న నిక్కరు ఇచ్చారు, ఆ పైన గౌను. చేతికి సూది. మత్తు కావాలా, నవ్వించే వాయువు కావాలా, ఏమీ వద్దా అని అడిగారు. మత్తే కావాలన్నాను. పూర్తిగా నిద్రపుచ్చే మత్తు కాదు, మెలకువలోనే తేలిపోతున్నట్టు ఉంటుంది. దీనికి తోడుగా ఇంటికి తీసుకెళ్లే మనిషి ఉండాలి, 24 గంటలు కారు నడపకూడదు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. ఎదురుగా తెర.

సొంత పేగు లోపల చూడటం ఓ వింత. నేను అనుకున్నట్టు లేదు. లేత గులాబీ రంగు, తడి మెరుపు, సన్నటి ఎర్ర నరాలు, మడతలు మడతలుగా సొరంగం. ఇంత శుభ్రమైనదా నేను ఇన్నాళ్లూ అసహ్యించుకుంది అనిపించింది. మత్తు వల్ల కావచ్చు. మలుపుల దగ్గర కడుపు పట్టేసినట్టు నొప్పి వచ్చింది, గాలి నింపుతారు కదా. నర్సు పొట్ట మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చివరిదాకా వెళ్లి, వెనక్కి వస్తూ నెమ్మదిగా వెతుకుతారు. అసలు పని తిరుగు ప్రయాణంలోనే.

మొదట రెండు చిన్నవి దొరికాయి. నాలుగు మిల్లీమీటర్లది ఒకటి, ఐదుది ఒకటి. నాకు చూపించినా కనపడలేదు, తోలు మీద చెమటకాయలా ఉన్నాయి. మూడోది మలద్వారానికి కొంచెం పైనే, ఎడమవైపు పేగు చివరి వంపులో. దాన్ని ఎవరూ చూపించక్కర్లేదు. తొడిమ మీద నిలబడ్డ పుట్టగొడుగు. 14 మిల్లీమీటర్లు. పైన ఎర్రగా కందిపోయి ఉంది. దారిన పోయే మలం రాసుకుని రాసుకుని అది కారుస్తున్న రక్తమే, చుక్కలో వెయ్యోవంతు, గిల్డ్‌ఫోర్డ్ సీసాలో దొరికింది కాబోలు. డాక్టరు సన్నటి తీగ ఉచ్చు వేసి తొడిమని బిగించింది. నేను పళ్లు బిగపట్టాను. ఏమీ తెలియలేదు. పేగు లోపొరని కోస్తే నొప్పి తెలియదట. ఉచ్చు బిగిసింది, పుట్టగొడుగు ఊడింది, దాన్ని జాలీలో పట్టి బయటికి లాగారు. మా నాన్న పేగులో ఎప్పుడో ఒకప్పుడు, ఏ ఇరవయ్యేళ్ల కిందటో, ఇదే సైజులో ఇలాగే ఒకటి నిలబడి ఉండి ఉంటుందని అప్పుడు అనిపించింది. తెర మీద ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంటే ఏడుపొచ్చింది. నొప్పిగా ఉందా అని నర్సు అడిగింది. కాదన్నాను.

ఆ తర్వాత కోలుకునే గదిలో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరం తెరల చాటున గాలి వదులుతూ పడుకున్నాం. వదిలితేనే టీ, బిస్కట్లు ఇస్తారు. సిగ్గు అనేది ఏ గుమ్మం దగ్గర విడిచి వచ్చానో గుర్తులేదు.

ముక్క పరీక్ష ఫలితం జనవరి మొదటివారంలో ఫోన్లో చెప్పారు. మూడూ అడినోమాలే, అంటే వదిలేస్తే ముదిరే అవకాశం ఉన్న రకం. కానీ వేటిలోనూ క్యాన్సర్ లేదు. మొత్తంగా తీసేశారు కాబట్టి మందు లేదు, మాకు లేదు. అయితే ఒకటి సెంటీమీటరు దాటింది, దానికి తోడు ఇంకా ఉన్నాయి, అందుకని మూడేళ్లకి మళ్లీ గొట్టం వేసి చూడాలి. 2026 డిసెంబరు. మామిడి రుచి మారి ఉంటుందని ఆశ.

తెలిసినవాళ్లంతా "క్యాన్సర్ తప్పించుకున్నావు" అంటున్నారు. అలా అనుకోవడం నాకూ ఇష్టమే, కానీ అది నిజమో కాదో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి పాలిప్స్ ఎక్కువ భాగం ఎప్పటికీ క్యాన్సర్ కావు. అయ్యేవి కూడా పదేళ్లో ఇంకా ఎక్కువో తీసుకుంటాయి. నాది ఏ జాబితాలోదో దాన్ని కోసి పారేశాక తెలిసే దారి లేదు. ఆ పదేళ్ల వ్యవధే ఈ పరీక్షకి ఆయువుపట్టు. ఒకసారి తప్పిపోయినా రెండేళ్లకి ఇంకో కిట్ వస్తుంది, ఆగి ఆగి కారే రక్తం ఏదో ఒకసారి దొరుకుతుంది.

తప్పిపోవడం మాత్రం తప్పదు. మా పిన్ని కూతురు డాలస్‌లో ఉంటుంది, 47. అమెరికాలో 45కే మొదలుపెట్టమంటున్నారు. దాని డాక్టరు కొలోగార్డ్ అనే ఇంకో రకం రాశాడు. మా కిట్ జేబులో పడుతుంది, దానికి బకెట్టంత డబ్బా వచ్చింది. మలం మొత్తం అందులో పెట్టి కొరియర్ వాడి చేతికివ్వాలి. "అక్కా, వాడికి తెలుసు లోపలేముందో. నా మొహం చూసి గుడ్ డే అన్నాడే" అని ఒకటే నవ్వు. అందులో రక్తంతో పాటు, పేగు గోడ నుంచి రాలిపడే కణాల డీఎన్‌ఏలో మార్పులు కూడా వెతుకుతారు. 2014లో దానికి అనుమతి వచ్చిన అధ్యయనంలో పదివేలమందికి దగ్గర దగ్గరగా రెండు పరీక్షలూ చేసి, తర్వాత అందరికీ గొట్టం వేసి సరిచూశారు. ఉన్న క్యాన్సర్లలో కొలోగార్డ్ వందకి 92 పట్టింది, ఫిట్ 74. మరి ముదిరిన పాలిప్స్? కొలోగార్డ్ 42, ఫిట్ 24. అయితే ఏమీ లేనివాళ్లని ఉత్తినే భయపెట్టడంలో కూడా కొలోగార్డే ముందుంది. ఈ 24 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. నాలాంటి పుట్టగొడుగులున్న నలుగురిలో ముగ్గురికి, ఒక్కసారి చేస్తే, "ఏమీ అక్కర్లేదు" అని ఉత్తరం వచ్చి ఉండేది. అందుకే ఉత్తరం బాగా వచ్చినవాళ్లు కూడా ఆనక రక్తం పడితే "మొన్నే చేయించుకున్నాం కదా" అని ఊరుకోకూడదు.

తమ్ముడి సంగతి. గుంటూరులో డాక్టరు వేలు పెట్టి చూశాడు, గొట్టమూ వేసి చూశాడు. నిజంగానే మొలలు. మా అమ్మ గెలిచింది, ఆ విషయం ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది. మన దగ్గర 30 దాటినవాళ్లకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ప్రభుత్వ స్క్రీనింగ్ ఉంది గానీ పేగుకి ఇలా ఇంటికి కిట్ వచ్చే ఏర్పాటు లేదు. వాడైనా ఎవరైనా తమంతట తాము అడిగి చేయించుకోవాల్సిందే. బయటి ల్యాబుల్లో చేయించుకునేవాళ్లు అది పాత రకమా, ఫిట్ రకమా అని అడిగి కనుక్కోవడం మంచిది. పాత రకమైతే మూడు రోజుల ముందే మాంసం మానాలి మరి.

ఇక మా ఆయన. ఆయనకి పదకొండేళ్లుగా షుగర్. ఏటా పరీక్షలప్పుడు చిన్న సీసాలో మూత్రం ఇస్తారు, అందులో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు. ఇక్కడి లెక్కలో 3 దాటకూడదు. కిందటేడు 4.1 వచ్చింది. జ్వరం వచ్చినా, గట్టిగా వ్యాయామం చేసినా అలా రావచ్చని, పొద్దున లేవగానే పట్టిన మూత్రంతో మళ్లీ చేశారు. 3.6. కిడ్నీ పనిచేసే తీరు చెప్పే రక్తపరీక్ష అప్పటికి మామూలుగానే ఉంది, ఒంట్లో తేడా ఏమీ లేదు. కిడ్నీలోని జల్లెడకి కన్నం పడటం మొదలైందని మూత్రమే ముందు చెప్పింది. రామిప్రిల్ బిళ్ల రాశారు, ఈ ఏడాది మళ్లీ 3 లోపు ఉంది. ఆ సీసా ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, దారిలో పాల ప్యాకెట్ కూడా కొనుక్కుని, ఆస్పత్రికి నడిచి వెళ్తారు. మూత్రానికి లేని సిగ్గు దీనికి ఎక్కడిదో నాకు అర్థం కాదు. 2022లో ఆయన పేర వచ్చిన పేగు కిట్‌ని విప్పకుండానే చెత్తబుట్టలో వేశారని, నాకు పుట్టగొడుగు తీశాక గానీ బయటపెట్టలేదు.

2024 ఫిబ్రవరిలో ఆయనకి మళ్లీ వచ్చింది, 58 నిండగానే. చూశారు, "వీలు చూసుకుని చేస్తాలే" అన్నారు, తీసుకెళ్లి గరాజ్‌లో ఫ్రిజ్ మీద పెట్టారు. ఏమీ అనలేదు నేను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు తెచ్చి బాత్రూంలో ఫ్లష్ టాంక్ మీద పెట్టాను, పక్కనే ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా, తేదీ రాయడానికి పెన్ను. మూడు రోజులు చూసీ చూడనట్టు తిరిగారు. నాలుగో రోజు పొద్దున తలుపు లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఏమేవ్, ఇవాళ తేదీ ఎంత?"